అక్కడ లేని మాట

కిందటి నెల రాజోలులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, పక్క మైదానంలో స్వస్థత కూడికలు జరుగుతున్నాయి, తోడు రా అక్కా అని అడిగింది. ప్లాస్టిక్ కుర్చీలో అంతసేపు కూర్చుంటే నా మోకాళ్ళు ఊరుకోవని తెలిసినా దాని మాట కాదనలేకపోయాను. సాయంత్రం ఎండ ఇంకా పూర్తిగా వాలలేదు. వేదిక వెనక ప్రసంగీకుడి నిలువెత్తు బొమ్మ, రెండు పక్కలా మనిషంత స్పీకర్లు. ఆయన వయసులో చిన్నవాడే, మంచి గొంతు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, గుంపులో వెనకనుంచి వచ్చి ప్రభువు వస్త్రపు అంచు ముట్టుకుని బాగుపడిన స్త్రీ కథ ఎత్తుకున్నాడు. చెప్పి చెప్పి, మీ సంచుల్లో ఉన్న మందులు తీసి పైకెత్తండి అన్నాడు. నా ముందు వరసలో ఉన్న ఒకావిడ చేతిసంచి విప్పి, రెండు మాత్రల అట్టలు తీసి పైకెత్తింది. కాసేపు అలాగే పట్టుకుని, ఆ తరవాత వేదిక వైపు విసిరేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా అరికాళ్ళనుంచి చల్లదనం పాకి పైకి వచ్చింది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని చూసి, ఇంటికి పోదాం పద అంది. ఎందుకని అడగలేదు. అప్పట్లో అది చిన్నపిల్లే అయినా, నాతోపాటు నాన్నగారి ఇంట్లోనే పెరిగింది కదా.

ఆ భయం నాకు కొత్తది కాదు. నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మా ఇంటిల్లిపాదీ దానితోనే పొద్దున్న లేచి, దానితోనే అన్నం తిని, దానితోనే పడుకున్న కాలం ఒకటుంది. దాన్నిగురించి నాన్నగారు బతికుండగా రాయడానికి నాకు మనసొప్పలేదు.

నాన్నగారు పాస్టరు. రాజోలు అవతల కాలువ గట్టున ఒక చిన్న సంఘం ఆయనది. ఊళ్ళో అందరికీ ఆయన అయ్యగారు. అమ్మ ఎలిమెంటరీ బడిలో టీచరైనా, అందరికీ అమ్మగారే. చర్చి వెనకే మా పెంకుటిల్లు. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా కాలువ, కాలువలోకి దిగే రాతిమెట్లు. వంటంతా కొబ్బరి డొక్కలతోను, ఎండిన మట్టలతోను. డొక్క పచ్చిగా ఉంటే కళ్ళు మండే పొగ ఇల్లంతా తిరిగేది. మా బట్టలకీ, పుస్తకాలకీ, చివరికి నాన్నగారి బైబిలుకి కూడా ఆ పొగవాసనే. ఇప్పటికీ ఎక్కడైనా డొక్కల పొగ తగిలితే నాకు ముందు గుర్తుకొచ్చేది వంట కాదు, వసారాలో పచార్లు చేస్తూ ఒకే వాక్యాన్ని రకరకాలుగా పలికి చూసుకునే నాన్నగారి గొంతు.

మా ఇంట్లో వారం ఆదివారంతో మొదలయ్యేది కాదు, గురువారంతో మొదలయ్యేది. గురువారం ఆయన ఆ వారం చెప్పవలసిన సువార్త భాగం తీసేవారు. కూర్చుని చదివేవారు కాదు. నిలబడి, గట్టిగా, ఒక్కో మాట దగ్గర ఆగి చదివేవారు. శుక్రవారానికి ఆ భాగంలోని మనుషులు మా ఇంట్లో తిరగడం మొదలుపెట్టేవాళ్ళు. అన్నం తింటూ ఉన్నట్టుండి అమ్మను అడిగేవారు, ఆవిడ వెనకనుంచే ఎందుకు వచ్చిందంటావు అని. అమ్మ చారు వడ్డిస్తూ, ఎదరనుంచి రానివ్వరు కాబట్టి అనేది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవారు. శనివారం మా ఇంట్లో చేప వండేవాళ్ళు కాదు, ఆ వాసన ఆయనకు పడేది కాదు. ఆదివారం తెల్లవారాక నూతి వెనకాల ఆయన వాంతి చేసుకుంటున్న చప్పుడు నాకు వినిపించేది. నోరు కడుక్కుని, అమ్మ ఇచ్చిన జీలకర్ర నీళ్ళు తాగి, ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని బయల్దేరేటప్పటికి మాత్రం ఎవరూ పోల్చుకోలేరు. పాస్టర్లందరి ఇళ్ళల్లోనూ అంతేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అంత భయం ఎందుకని అమ్మ ఒకసారి అడిగితే ఆయన తన తాత సంగతి చెప్పారు. ఆ తాత ఒక పెద్దరైతు దగ్గర పాలేరు. నడివయసు దాటాక, బైబిలు చదవాలన్న కోరికతోనే అక్షరాలు దిద్దుకున్నాడు. పొలంనుంచి వచ్చి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, తడి తుడుచుకున్నాకే పుస్తకం ముట్టుకునేవాడు. మాట కింద వేలు పెట్టి, ఆ మాట అర్థమైతే తప్ప వేలు జరిపేవాడు కాదు. ఒక్కోసారి ఒక్క వాక్యానికే దీపంలో నూనె అయిపోయేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసినవారు నాన్నగారు. తాత వేలు జరపడానికి అంత ఆలోచించేడు, నేను నోరు విప్పితే వందమంది వింటున్నారు అనేవారు.

అంతటి మనిషికి ఒక వారం మాత్రం ప్రసంగం ఇట్టే కుదిరింది. వానలు వెనకబట్టి కాలువ నిండుగా పారుతున్న రోజులు. ఆ వారపు భాగం, మొన్న మైదానంలో నేను విన్న ఆ స్త్రీ కథే. శుక్రవారం ఆయన ఏమీ అడగలేదు. శనివారం పాట పాడుకున్నారు. ఆదివారం నూతి దగ్గర చప్పుడే లేదు. అమ్మ జీలకర్ర నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడితే, ఇవాళ అక్కర్లేదులే అన్నారు.

ఆ రోజు ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఉన్నదంతా ఖర్చుపెట్టి వైద్యుల చుట్టూ తిరిగిన ఆ స్త్రీని కళ్ళకు కట్టించారు. ఆమె నడిచిన దుమ్ము, ఆమెను తోసేసిన మోచేతులు, ఆమె వంగడం. అప్పుడు గొంతు తగ్గించి ఒక మాట అన్నారు. "వైద్యుల్ని విడిచింది. అంచును పట్టుకుంది." చర్చిలో ఆడవాళ్ళ వైపునుంచి ఒక్కసారిగా మూలుగులాంటి శబ్దం వచ్చింది. నాన్నగారు అది విని, ఆ మాటే మళ్ళీ అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చాక దాన్ని నేను నాలో నేను అనుకుని చూసుకున్నాను, అంత అందంగా ఉందా మాట.

ఆ ఆదివారం విన్నవాళ్ళలో రూతమ్మ ఒకతె. ఇరవై దాటిన వయసు. భర్త ఏసోబు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని చేసేవాడు. వాళ్ళకొక పాప, కృప, అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. రూతమ్మకు చిన్నప్పటినుంచి ఫిట్సు. అత్తగారు దాన్ని గాలి అనేది. పెళ్ళయ్యాక ఏసోబు పట్టుబట్టి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తే మాత్రలు రాసిచ్చారు. అవి మొదలుపెట్టాక ఫిట్సు రావడం ఆగింది. కాని ఆ మాత్రలకు ఆమెకు ఎప్పుడూ మగత. చేట చేతిలో ఉండగానే కునుకు పట్టేది. పొద్దెక్కిందాకా పడుకుంటుంది, పని తప్పించుకుంటుంది అని అత్తగారు అనని రోజు ఉండేది కాదు. ప్రసంగం అయిపోయి అందరూ బయటికి వెళ్తున్నప్పుడు రూతమ్మ ఒక్కతే ముందుకు వచ్చి, నాన్నగారి ముందు బల్లమీద పరిచిన తెల్లగుడ్డ అంచును రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు నిలబడడం అమ్మ చూసింది. భక్తి అనుకుంది.

కొన్ని వారాలు గడిచాక సాక్ష్యాలు చెప్పే సమయంలో రూతమ్మ లేచింది. ఎన్నడూ నోరు విప్పని మనిషి. అయ్యగారి వాక్యం విన్న రోజే మాత్రలు కాలవలో వేసేశానని, అప్పటినుంచి మళ్ళీ ఫిట్సు రాలేదని, మగత కూడా పోయిందని చెప్పింది. ఆమె ముఖం నిజంగానే వెలిగిపోతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొడుతూ నాన్నగారి వైపు చూశాను. ఆయన బల్లను రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. ఆయన ముఖంలో రక్తం లేదు.

ఆ రోజునుంచి మా ఇంట్లో భయం ఎలా ఉండేదంటే, అది ఒక చప్పుడు మీద ఆధారపడి ఉండేది. పొద్దున్న రూతమ్మ మా వంటింటి ఎదురుగా ఉన్న మెట్లమీదే బట్టలు ఉతికేది. రాతిమీద బట్ట పడే చప్పుడు వినిపించినంతసేపూ అమ్మ చేతులు ఆడేవి. ఆ చప్పుడు ఆగితే అమ్మ చెయ్యి కూడా ఆగిపోయేది. కూర తరుగుతుంటే కత్తిపీట మీద, పెరుగు చిలుకుతుంటే కవ్వం మీద. వసారాలో నాన్నగారు కూడా నిలబడిపోయేవారు. బట్ట పిండుతోందో, పాపతో మాట్లాడుతోందో, మళ్ళీ చప్పుడు మొదలయ్యేది. అప్పుడు ముగ్గురం ఊపిరి వదిలేవాళ్ళం. ఏమిటని ఒకరినొకరం అడిగేవాళ్ళం కాదు. ఏదో ఒక వంకతో అమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళేది, నన్ను పంపేది. ఒకటి రెండుసార్లు, పాపను ఒళ్ళో పెట్టుకుని లోతుమెట్టు మీద కూర్చోవద్దని చెప్పి చూసింది. దేవుడున్నాడు అమ్మగారూ అని నవ్వింది రూతమ్మ.

నాన్నగారు ఆమెను ఇంటికి పిలిపించారు. వసారాలో చాపమీద కూర్చోబెట్టి, ప్రార్థన చేసుకో, మాత్రలు కూడా వేసుకో, రెండూ దేవుడిచ్చినవే అని మెల్లగా చెప్పారు. రూతమ్మ అంతా విని, అర్థం కానట్టు ఆయన వైపు చూసింది.

"మరి ఆవిడ డాట్రుల్ని వొదిలేసిందని మీరే కదండీ చెప్పేరు?" అంది. "వొదిలేకే కదండీ పట్టుకుంది. నేను మళ్ళీ వేసుకుంటే నమ్మకం లేనట్టు కాదాండీ?"

ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరవాతి గురువారం ఆయన అదే భాగం మళ్ళీ తీశారు. ఈసారి నిలబడలేదు. వాళ్ళ తాతలాగ కింద కూర్చుని, మాట కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. నేను గడప దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను. వేలు జరిగినకొద్దీ ఆయన వీపు వంగిపోవడం చూశాను. చివరికి అమ్మను పిలిచారు.

"ఆ మాట ఇక్కడ లేదు," అన్నారు.

ఏ మాట అని అడిగింది అమ్మ. వైద్యుల్ని విడిచింది అన్న మాట, అన్నారు ఆయన. డబ్బంతా పోయింది అని ఉంది, బాగుపడలేదు అని ఉంది, ఎక్కువైంది అని ఉంది. విడిచిపెట్టిందని ఎక్కడా లేదు. అంచుకు జతగా వినడానికి బాగుంటుందని నేను పెట్టిన మాట అది, అన్నారు. అమ్మ ఆయన పక్కన కూర్చుని తనూ చదివింది. తరవాత, అయితే ఈ ఆదివారమే చెప్పండి అంది.

చెప్పేవారే. కాని ముందుగా సంఘపెద్దకు చెప్పడం మర్యాద అనుకున్నారు. సంఘపెద్ద జాకబు మాష్టారు రిటైరైన హెడ్మాస్టరు, నికార్సయిన మనిషి. ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. రూతమ్మ సాక్ష్యం చెప్పిన దగ్గర్నుంచి చర్చికి జనం పెరిగారు. దిండినుంచి, ఇంకా అవతలినుంచి కూడా వస్తున్నారు. బిడ్డల్ని తెచ్చి నాన్నగారి చేతుల్లో పెడుతున్నారు. ఒకామె ఆయన కండువా కొస పట్టుకోబోతే నిప్పు తగిలినట్టు వెనక్కి జరగడం నేను చూశాను. కాని మాష్టారికి అంత జనం రావడం చిన్న విషయం కాదు. ఆయన చిన్నతనంలో ఈ ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు. ఇప్పుడు ఊరి పెద్దరైతుల ఇళ్ళనుంచి కూడా కార్లు మా చర్చి ముందు ఆగుతున్నాయి. కోతపండుగకు మూడు వారాలే ఉంది, ఆ రోజు పెద్ద సభ పెట్టుకున్నాం, అంతదాకా ఆగండి అయ్యగారూ అని ఆయన బతిమాలారు. ఒక్క మాట కోసం ఇంతమంది విశ్వాసాన్ని కదపడం మంచిదేనా అన్నారు. నాన్నగారు తలవంచుకుని ఇంటికి వచ్చారు. ఆగుతానన్నాను అని అమ్మతో చెప్పారు. ఆ పూట అన్నం వడ్డించి, తను తినకుండా పడుకుంది.

ఆ తరవాత మంగళవారం పొద్దున్న అనుకుంటాను. నేను బడికి జడ వేయించుకుంటున్నాను. చప్పుడు ఆగింది. అమ్మ వేళ్ళు నా జుట్టులో ఆగిపోయాయి. మేం ఎదురుచూశాం. కాలువలో నీళ్ళ శబ్దం, ఎక్కడో కాకి. మళ్ళీ చప్పుడు మొదలవలేదు. దాని బదులు, మెట్ల మీదనుంచి పాప ఏడుపు వినిపించింది. అమ్మ దువ్వెన పారేసి పరిగెత్తింది. నాన్నగారు చెప్పులు కూడా లేకుండా ఆమెకంటే ముందు మెట్లు దూకి నీళ్ళల్లోకి దిగారు. నేను కిటికీ దగ్గరే బిగుసుకుపోయాను. పాప పైమెట్టు మీద నిలబడి ఉంది. రూతమ్మ ఎక్కడా లేదు. తడిబట్ట ఒకటి నీళ్ళమీద మెల్లగా పోతోంది.

కిందవైపు కొబ్బరికాయల పడవ ఒకటి వస్తోంది. పడవమీద ఉన్న మనిషి నాన్నగారి కేక విని, గడకర్రతో నీళ్ళల్లో వెతికి, దూకి, ఆమెను జుట్టుపట్టి పైకి లాగాడు. గట్టుమీద పడుకోబెట్టినప్పుడు ఆమె ఒళ్ళు ఇంకా కొట్టుకుంటోంది. పెదవి తెగి నెత్తురు కారుతోంది. నీళ్ళు కక్కించారు. ఎవరిదో జీపులో అమలాపురం తీసుకెళ్ళారు. నాన్నగారు తడిబట్టలతోనే ఆ జీపు ఎక్కారు. జీపు వెళ్ళిపోయాక అమ్మ పాపను చంకనెత్తుకుని మా ఇంట్లోకి తెచ్చింది.

రూతమ్మకు ఆసుపత్రిలో కూడా ఫిట్సు ఒకదానిమీద ఒకటి వచ్చాయట. ఆపగలిగారు గాని ఆమెకు తెలివి రాలేదు. మర్నాడు అమ్మ క్యారేజీ ఇచ్చి నన్ను బస్సులో పంపింది. వరండాలో బెంచీ మీద ఒక కొసన ఏసోబు, రెండో కొసన నాన్నగారు కూర్చుని ఉన్నారు. వాళ్ళిద్దరిమధ్యా ఖాళీ. నేను క్యారేజీ విప్పి ఇద్దరికీ వడ్డించాను. ఏసోబు ముట్టుకోలేదు. నేలకేసి చూస్తూ అన్నాడు.

"మాత్రలు మానేసిందని నాకు తెలుసండి. మీరు చెప్పేరు కదా అని ఊరుకున్నానండి."

అంతే. కోపంగా అనలేదు. నాన్నగారు ఆ మాటకు లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డారు. మనిషిని మాట ఎంతగా కొట్టగలదో నాకు ఆ వయసులో మొదటిసారి తెలిసింది.

శనివారం ఆయన ఇంటికొచ్చారు. రూతమ్మ కళ్ళు తెరవలేదు ఇంకా. జాకబు మాష్టారు వచ్చి వసారాలో కూర్చున్నారు. ఆయన కూడా బెదిరిపోయి ఉన్నారు. రేపు జనం ఎక్కువ వస్తారండి, ఏదో ఒకటి చెప్పాలి, అన్నారు. ఆమె విశ్వాసం మధ్యలో సడలిందని చెబితే సరిపోతుంది, వాక్యంలో దానికి తగ్గ భాగాలు ఉన్నాయి కదా అన్నారు. మా నాన్నగారు ఎవరిమీదా గొంతు పెంచిన మనిషి కాదు. అప్పుడు కూడా పెంచలేదు. "మాష్టారూ, చావుబతుకుల్లో ఉన్న పిల్లమీద ఆ నేరం కూడా వెయ్యమంటారా?" అన్నారు. మాష్టారు కండువాతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నాన్నగారు మళ్ళీ పుస్తకం ముందు కూర్చున్నారు. చదవడం లేదు, ఊరికే కూర్చున్నారు. ఎదురుగా అమ్మ పాపకు అన్నం పెడుతోంది. నాలుగురోజులుగా ఆ పిల్ల సరిగ్గా తినడం లేదు. అమ్మ అన్నం మెత్తగా కలిపి, నెయ్యి వేసి, అదిగో పడవ, ఇదిగో కొంగ అని ఏవేవో చూపిస్తూ ముద్ద ముద్ద తినిపిస్తోంది. పాప ఒక ముద్ద తానే చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంది. నాన్నగారు ఆ చెయ్యి వైపే చూస్తున్నారు. చటుక్కున పేజీ తిప్పి, కిందకు వేలు జరిపి, ఒకచోట ఆపారు. ఆ స్త్రీ కథ ఒక్కటే విడిగా లేదు, ఇంకో కథ మధ్యలో ఉంది. చావబోతున్న ఒక చిన్నపిల్ల దగ్గరికి ప్రభువు వెళ్తుండగా దారిలో జరిగింది అది, ఈలోగా ఆ పిల్ల చనిపోయింది. ఆ పిల్లను లేపాక అక్కడివాళ్ళతో ఆయన అన్న చివరి మాట, ఈ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టండి అని. నాన్నగారు ఆ మాట ఎన్నిసార్లు చదివారో, ఎన్నిసార్లు దాటిపోయారో. ఆ సాయంత్రం దానికింద పెట్టిన వేలు చీకటి పడేదాకా తియ్యలేదు.

ఆదివారం నూతి దగ్గర చప్పుడు మునుపటికంటే ఎక్కువసేపు వినిపించింది. చర్చి నిండి, కిటికీల బయట కూడా జనం ఉన్నారు. నాన్నగారు లేచి బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన పంచె కుచ్చెళ్ళు వణకడం ముందు వరసలోనుంచి నాకు కనిపించింది. ఆయన అదే భాగం చదివారు. అందరూ కదిలారు. చదివి పుస్తకం మూశారు.

"కిందటిసారి ఈ భాగం చెప్పినప్పుడు, ఆవిడ వైద్యుల్ని విడిచిపెట్టిందని మీతో అన్నాను. ఆ మాట ఇందులో లేదు. అది నేను కలిపిన మాట. బాగుందని మీరు మెచ్చుకుంటే రెండోసారి కూడా అన్నాను. రూతమ్మ నా మాటను దేవుడి మాట అనుకుంది. ఆమె విశ్వాసంలో లోపం లేదు. లోపం నా ప్రసంగంలో ఉంది."

ఆయన ఆగి ఆగి చెప్పారు. ఆ స్త్రీ భయపడుతూ, వణుకుతూ వచ్చి నిజమంతా చెప్పిందని ఉంది, నేను ఇవాళ అంతవరకే చెయ్యగలను అన్నారు. చచ్చిన పిల్లను లేపినవాడు కూడా ఆ పిల్ల ఆకలి సంగతి అమ్మానాన్నలకే వదిలిపెట్టాడు, అన్నం పెట్టమన్నాడు, అన్నం మానెయ్యమనలేదు, మందు మానెయ్యమనలేదు అన్నారు. మీలో ఇంకెవరైనా మందులు మానేసి ఉంటే ఇవాళే మొదలుపెట్టండి, నేను కావాలంటే మీతో ఆసుపత్రికి వస్తాను అన్నారు. కిటికీ బయట ఉన్నవాళ్ళు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. లోపల కూడా కొందరు లేచారు. ఆయన ఆపలేదు. ప్రసంగం అయ్యాక ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలామె వచ్చి, తాను సుగరు బిళ్ళలు మానేసి నెల అయిందని అమ్మ చెవిలో చెప్పింది. ఆమె వెనక మరొకామె నిలబడి ఉంది.

రూతమ్మకు ఆ మర్నాడో, ఆ తరవాతో తెలివి వచ్చింది. బతికింది. కాని మాట మందగించింది. ఒక్కో మాటను వెతుక్కుని తెచ్చుకున్నట్టు మాట్లాడేది, కుడిచెయ్యి పట్టు తప్పింది. నాన్నగారు ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, చర్చిలో చెప్పిందంతా మళ్ళీ చెప్పారని అమ్మ చెప్పగా విన్నాను. ఆమె ఏమందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కోతపండుగ సభ జరగలేదు. కార్లు రావడం ఆగిపోయింది. వేసవిలో నాన్నగారిని జొన్నాడ దగ్గర ఒక పల్లె సంఘానికి బదిలీ చేశారు. సామాను ఎక్కిస్తుంటే జాకబు మాష్టారు వచ్చి, ఒక మూల నిలబడి, లారీకి తాళ్ళు కట్టడంలో సాయం పట్టారు.

కొత్త ఊళ్ళో నాన్నగారు ప్రసంగం అయ్యాక తలుపు దగ్గర నిలబడి, బయటికి వెళ్ళేవాళ్ళను ఏం విన్నారని అడిగేవారు. ఎలా ఉందని కాదు, ఏం విన్నారని. జనానికి అది చాదస్తంగా ఉండేది. ఎవరైనా తాను చెప్పనిది విన్నామంటే వాళ్ళను కూర్చోబెట్టి మళ్ళీ విప్పి చెప్పేవారు. అందుకని కొందరు పక్కతలుపునుంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన గొప్ప ప్రసంగీకుడని ఆ తరవాత ఎవరూ అనలేదు. ఇవాళ మా అమలాపురం ఇంట్లో ఫోను తెరిస్తే పొద్దున్న లేచిందగ్గర్నుంచి ప్రసంగాలు. ఒక్కొక్కరికీ లక్షలమంది వినేవాళ్ళు. అందరూ ఎంతో ధైర్యంగా, ఎక్కడా తడుముకోకుండా చెబుతున్నారు. తెలివైనవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. మా ముత్తాత తలచుకోను కూడా లేనన్ని పుస్తకాలు వాళ్ళ వెనక గాజు బీరువాల్లో కనిపిస్తాయి. వింటున్నది ఎవరో, విని ఏం చేస్తున్నారో వాళ్ళకు తెలిసే దారి లేదు. మా ఇంటి కిటికీకి ఎదురుగా కాలువ ఉండేది, అందుకని మాకు తెలిసింది. ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. ఆ భయంతో మా నాన్నగారి కడుపు పాడయింది, మా శనివారాలు పోయాయి. అయినా భయం లేని గొంతు వింటే నాకు ఇప్పుడు భయం వేస్తుంది.

నాన్నగారు ఎనభై దాటి పోయారు. సమాధి కార్యక్రమం రోజున జనం మరీ ఎక్కువ లేరు. ఆయన్ని గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చని పాస్టరుగారు అంటే, ఒకరిద్దరు ఆయన నెమ్మదితనం గురించి చెప్పారు. అప్పుడు వెనక వరసలో ఒకామె లేచింది. పక్కన ఉన్న నడివయసు మనిషి ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించింది. ఆ మనిషి కృప అని, కువైట్‌లో నర్సుగా ఉండి సెలవుమీద వచ్చిందని తరవాత తెలిసింది. రూతమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. పెట్టె దగ్గర నిలబడి, మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"అయ్యగారు నాకు ఒక మాట తప్పు చెప్పేరండి," అంది. చర్చిలో అందరూ తలెత్తారు. "ఆ మాట పట్టుకుని నేను కాలవలో పడ్డానండి. తప్పు చెప్పేనని మళ్ళీ ఆయనే చెప్పేరు, అందరి ముందూ. నా మంచం కాడికొచ్చి కూడా చెప్పేరు. ఈ వయసు దాకా నాకు చాలామంది చాలా చెప్పేరండి. మా అత్తగారు చెప్పేరు, పెద్దలు చెప్పేరు. తప్పు చెప్పేనమ్మా అని మళ్ళీ వొచ్చి చెప్పినోరు ఈయనొక్కరేనండి."

ఇంకేదో చెప్పబోయి, మాట దొరకక, చాలన్నట్టు తల ఊపి వెనక్కి తిరిగింది. నా పక్కన కూర్చున్న అమ్మ, పొద్దుటినుంచి ఎవరు పలకరించినా కదలని మనిషి, నా చెయ్యి వదిలించుకుని లేచింది. మెల్లగా వెనక వరసదాకా నడిచి వెళ్ళి రూతమ్మ పక్కన కూర్చుంది. కార్యక్రమం ముగిసేదాకా అక్కడే ఉంది.